జెడ్‌జెడ్ ప్లాంట్ రెండేళ్ళుగా అలాగే ఉంది, ఇప్పుడు కాడలు పసుపెక్కి పడిపోతున్నాయి, బతికించుకోవచ్చా?

బాల్కనీలేనితోట (ఆగస్టు 9)

అందరికీ నమస్తే. మొక్కల విషయంలో నాకు పెద్ద తెలివి లేదు, ముందే చెప్పేస్తున్నా. మియాపూర్‌లో నాలుగో ఫ్లోర్ మాది, బాల్కనీ ఉంది గానీ వాషింగ్ మెషీనూ బట్టల స్టాండూ పాప సైకిలూ పోను అందులో మనిషి నిలబడ్డానికే చోటు లేదు, అందుకే ఉన్న నాలుగు కుండీలూ ఇంట్లోనే. గృహప్రవేశానికి మా ఆఫీసు వాళ్ళు ఒక జెడ్‌జెడ్ ప్లాంట్ ఇచ్చారు, తెల్ల సిరామిక్ కుండీ, అయిదు కాడలు, ఆకులు నూనె రాసినట్టు నిగనిగా ఉండేవి. దానికి కట్టిన చీటీ మీద మాత్రం జామియా అని రాసుంది. ఇది చీకట్లో పెట్టినా చావదు అని ఇచ్చినాయన అన్నాడు, నేను అదే పట్టుకుని హాల్లో టీవీ యూనిట్ పక్క మూలన పెట్టేశా.

రెండేళ్ళయింది. అయిదు కాడలు అయిదే. కొత్త చిగురు లేదు, పాత ఆకు రాలిందీ లేదు. మా ఆయన ఇంటికి ఎవరొచ్చినా ఇది ప్లాస్టిక్‌ది, మా ఆవిడ రెండేళ్ళుగా నీళ్ళు పోస్తోంది అని చెప్పి నవ్వడం. మా పాప గోరుతో ఒక ఆకు గిల్లి తడి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు.

అసలు సమస్య ఏంటంటే మూడు వారాల నుంచి రెండు కాడలు కింద నుంచి పసుపెక్కడం మొదలెట్టాయి. నిన్న తుడుద్దామని ఒకటి పట్టుకుంటే ఉడికిన తోటకూర కాడలా చేతిలోకి ఊడొచ్చేసింది, మొదలు దగ్గర గోధుమరంగు, మెత్తగా, వాసన. మట్టి మీద సన్న దోమల్లాంటివి ఎగురుతున్నాయి. నేను నీళ్ళు ఎక్కువేం పొయ్యను, వారానికి ఒక్కసారి, టీ గ్లాసుడు, అంతే. ఎరువు ఇప్పటిదాకా వెయ్యలేదు, అందుకేనా? ఎండలో పెట్టమంటారా? కుండీ మార్చాలా? ఇంకోటి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇది విషం మొక్క, ముట్టుకుంటే క్యాన్సర్ అని ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది, ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది, నిజమేనా?

కడియపులంక కుర్రోడు

అక్కా, ఎరువొద్దు, ఎండొద్దు, ముందు నీళ్ళాపండి. ఇంకో మాట మాట్టాడే ముందు ఆ తెల్ల కుండీకి అడుగున చిల్లు ఉందో లేదో చూసి చెప్పండి. జామియా అన్నది తప్పేం కాదండి, నర్సరీల్లో అలాగే పిలుస్తారు, అసలు జామియా వేరే మొక్క, ఈత మొక్కలా గట్టి ఆకులుంటాయి దానికి, ఆకు పోలిక ఉందని దీన్నీ అదే పేరుతో అమ్మేస్తున్నాం.

బాల్కనీలేనితోట

చూశా. తెల్ల కుండీకి చిల్లు లేదు. లోపల ఇంకో నల్ల ప్లాస్టిక్ కుండీ ఉందని నాకు ఇవాళే తెలిసింది, రెండేళ్ళలో ఎప్పుడూ పైకెత్తలేదు. ఎత్తితే అడుగున రెండు వేళ్ళ లోతు నీళ్ళు. బాబోయ్ ఆ కంపు, మురిక్కాలవ లాగే ఉంది, కిటికీలన్నీ తెరిచా. కానీ వారానికో టీ గ్లాసుకి అన్ని నీళ్ళు ఎలా నిలిచాయో అర్థం కావట్లేదు.

కడియపులంక కుర్రోడు

అదేనండి జబ్బు. గిఫ్టుకి ఇచ్చేవాళ్ళు అందం కోసం చిల్లు లేని కుండీలో దింపేస్తారు, దింపినోడు చెప్పడు, తీసుకున్నోళ్ళకి తెలీదు. మా దగ్గర ఈ మొక్కలు షేడ్ నెట్ కింద ఉంటాయి, గాలి బాగా ఆడుద్ది, నీళ్ళు ఎక్కువైనా సాయంత్రానికి లాగేసుద్ది. మీ హాల్లో ఏసీ, మూసిన కిటికీలు, అందులోనూ వానాకాలం, ఇంక ఆ మట్టి ఆరేదెప్పుడు. ఇవాళే బయటికి తీసి దుంపలు చూడండి, రేపనుకుంటే ఇంకో కాడ పోద్ది.

బోటనీ మాస్టారు

అమ్మాయీ, రిటైరైనవాణ్ణి, చేతినిండా తీరిక ఉన్నవాణ్ణి, కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపికగా చదువు.

ఇది చేమ, కంద కుటుంబంలోది. పైన కనిపించేవి కాడలు అంటున్నాం గానీ అవి కాడలు కావు, ఒక్కొక్కటీ ఒక్కో ఆకు. నువ్వు ఆకులు అనుకునేవి ఆ పెద్ద ఆకు తాలూకు రెబ్బలు, మునగాకు ఉంటుంది చూడు, కాస్త అలా అనుకో. అసలు కాండం మట్టిలో ఉంటుంది, బంగాళాదుంపంత దుంప. కెన్యా, టాంజానియా నుంచి దక్షిణాఫ్రికా తూర్పు వైపు దాకా దీని సొంత ఊళ్ళు, అక్కడ వాన పడినప్పుడు నీళ్ళు దుంపలోకీ ఆ లావు కాడల్లోకీ తోడుకుంటుంది, తరవాత నెలల తరబడి వాన లేకపోయినా దాంతోనే గడిపేస్తుంది. మరీ ఎండిపోతే రెబ్బలన్నీ రాల్చేసుకుని దుంపతో కూర్చుంటుంది, వాన పడితే మళ్ళీ లేస్తుంది. ఆకులో 90 శాతం పైన నీళ్ళే. అలాంటి దానికి అడుగున చెరువు పెట్టావు.

ఇప్పుడు నీ రెండేళ్ళ సంగతి. ఇది కదలకుండా కూర్చోలేదు, ఇన్నాళ్ళూ దుంపలోనే పెట్టుకుంటోంది. మంచి వెలుతురున్న చోట కూడా ఏడాదికి రెండు మూడు కొత్త కాడలేస్తే గొప్ప, వేస్తే ఒకేసారి రెండు మూడు కలిసి పొడుచుకొస్తాయి, మళ్ళీ నెలలు నెలలు ఉలుకూ పలుకూ ఉండదు. టీవీ పక్క చీకటి మూలలో అదీ లేదు. దీన్ని 1829లోనే యూరప్ వాళ్ళు వర్ణించి పేరు పెట్టారు, ఇప్పుడున్న శాస్త్రీయ నామం జామియోకల్కస్ జామీఫోలియా, జెడ్‌జెడ్ అంటే అదే, దాన్ని ఎంగ్లర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త 1905లో ఖాయం చేశాడు, అయినా ఇళ్ళల్లోకి రావడానికి ఇంకో తొంభై ఏళ్ళు పట్టింది, 1996 ప్రాంతంలో హాలండ్ నర్సరీలు పెద్ద ఎత్తున పెంచడం మొదలుపెట్టాక గానీ జనానికి దొరకలేదు. ఇంత నెమ్మదిగా పెరిగేదాన్ని పెంచి అమ్మడం ఎవడికి గిట్టుబాటు చెప్పు.

ఎలా తియ్యాలంటే: నల్ల కుండీని పక్కకి పడుకోబెట్టి చుట్టూ నొక్కు, పైన కాడలు పట్టుకుని లాగకు, ఊడొస్తాయి. మట్టంతా దులిపి దుంపల్ని నీళ్ళతో కడుగు. ఒక్కో దుంపనీ వేలితో నొక్కి చూడు, గట్టిగా ఉంటే బతికున్నట్టు, వేలు దిగిపోతే పోయినట్టు. మెత్తవాటిని మంచి చాకుతో లోపల తెల్లటి గట్టి కండ కనిపించేదాకా కొయ్యి. గ్లవ్స్ వేసుకో, చేమదుంప చెక్కినట్టే చేతులు దురదేస్తాయి కొందరికి. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దు, పొలాలకి కొట్టే సాఫ్ అనే బూజు తెగుళ్ళ మందు పొడి దొరికితే లీటరుకి రెండు గ్రాములు కలిపి పావుగంట ముంచు, ఇంకా మంచిది. ఆ పొడి మాత్రం పాపకి అందకుండా పెట్టు. తరవాత పేపరు మీద నీడలో రెండ్రోజులు ఆరనీ. ఏమీ కాదు, ఇది గులాబీ కాదు, రెండ్రోజులు మట్టి లేకపోతే చచ్చిపోదు.

కరీంనగర్ మిద్దె

మాస్టారు అన్నీ చెప్పిండు గని మట్టి సంగతి మర్చిపోయిండు. అక్కా, ఆ పాత మట్టి మల్ల వాడకు, పారెయ్యి. ఉత్త కోకోపీట్ల, అంటె కొబ్బరిపీచు పొడిల, కూడ పెట్టకు, అది స్పాంజి లెక్క నీళ్ళు పట్టుకుంటది. నేనైతే ఎర్రమట్టి ఒక వంతు, ముతక ఇసుక ఒక వంతు, ఇటుక కొట్టిన ముక్కలు బొగ్గు ముక్కలు కలిపి ఒక వంతు, వర్మీకంపోస్టు రెండు గుప్పిళ్ళు, అంతే. ఇసుక అంటే ప్లాస్టరింగ్‌ది కాదు, అది సిమెంట్ లెక్క గట్టివడ్తది. కుండ మట్టిదే కొను, చిన్నదే కొను, దుంపల చుట్టు వేలు పట్టేంత జాగ ఉంటె చాలు. పెద్ద కుండల పెడ్తె జల్ది పెరుగుతదని అందరు అనుకుంటరు, ఉల్టా అయితది, వేరు లేని మట్టి అంత తడిగనే ఉంటది.

వెలుతురు గురించి ఒక మాట. చీకట్ల బతుకుతది అంటె చీకటి ఇష్టమని కాదు. ఓర్చుకుంటది, గంతే. పగటి పూట లైటు ఎయ్యకుండ అక్కడ కూసోని పేపర్ చదవగల్తె ఆ జాగ సరిపోయినట్టు. చదవరాకపోతె మార్చు. తూర్పు కిటికీ ఉంటె నాలుగడుగుల దూరంల పెట్టు, నెత్తి మీద ఎండ మాత్రం వద్దు, ఆకులు తెల్లగ మాడ్తయి.

దుంపజోలికిపోకు

నేను ఒప్పుకోను మాస్టారూ. నా దగ్గర నాలుగేళ్ళుగా ఉంది, ఒక్కసారి కూడా కుండీ మార్చలేదు, ప్లాస్టిక్ కుండీ ఉబ్బిపోయి గుండ్రంగా ఉండేది కోడిగుడ్డులా అయింది, అయినా పదకొండు కాడలు. దీనికి ఇరుకే ఇష్టం. ఊరికే తవ్వి తియ్యడం, కడగడం, ముంచడం... సగం మొక్కలు మన వైద్యానికే పోతాయి. నీళ్ళు వంపేసి ఎండబెడితే చాలు అని నా అభిప్రాయం.

బోటనీ మాస్టారు

మీ మొక్క ఆరోగ్యంగా ఉంది కాబట్టి ముట్టుకోవద్దు, అది సబబే, కుండీ పగిలేదాకా ఉంచండి. ఈ అమ్మాయిది కుళ్ళింది. కుళ్ళిన దుంపని పక్కదానికి ఆనించి ఉంచితే ఏమవుతుందో ఇంట్లో ఉల్లిపాయల బుట్ట చూసినవాళ్ళెవరికైనా తెలుసు.

దుంపజోలికిపోకు

ఉల్లిపాయల బుట్ట అన్నాక ఇంకేం మాట్లాడను 😀 తియ్యండమ్మా తియ్యండి.

ఎడిసన్ వదిన

మాది న్యూజెర్సీ, ఇక్కడ కథ వేరేలా ఉంటుంది గానీ మొక్క అదే. నవంబర్ నుంచి మార్చి దాకా హీటింగ్ ఆన్, గాలి పొడి, కిటికీ దగ్గరేమో గడ్డకట్టే చలి. 15 డిగ్రీల కంటే కిందకి పోతే దీనికి నచ్చదు, అందుకని అద్దానికి ఆనించకుండా లోపలికి జరుపుతా. ఆ అయిదు నెలల్లో నేను మూడుసార్లు నీళ్ళు పోస్తే ఎక్కువ. ఒకసారి ఇండియా వచ్చి రెండు నెలలు ఉండిపోయా, పక్కింటావిడకి తాళం ఇచ్చి మిగతా మొక్కలు చూడమన్నా, దీన్ని మాత్రం ముట్టుకోవద్దన్నా, తిరిగొచ్చేసరికి అన్నిటికంటే ఇదే బావుంది.

పోయిన కాడల గురించి బాధపడకండి. ఊడిన కాడకి పైన పచ్చగా ఉన్న రెబ్బలుంటే పారెయ్యకండి. నేను అలాగే ఆరు రెబ్బలు తుంచి, ఒక రోజు ఆరబెట్టి, ఖాళీ పెరుగు డబ్బాకి చిల్లులు పెట్టి ఇసుక మట్టిలో మొదలు వైపు కాస్త గుచ్చా. నెల, రెండు నెలలు, మూడు నెలలు, ఏం లేదు, ఆకు పచ్చగానే ఉంది, కానీ పైన ఏమీ రాలేదు. నాలుగో నెలలో తట్టుకోలేక ఒకటి పైకి లాగి చూశా. కొసన శనగగింజంత దుంప, దానికి దారప్పోగుల్లాంటి రెండు వేళ్ళు! మళ్ళీ పెట్టేశా, సిగ్గేసింది కూడా, పిల్ల నిద్రపోతుంటే లేపినట్టు. మొదటి చిగురు వచ్చేసరికి దగ్గర దగ్గర ఏడాది. ఆరింటిలో నాలుగు బతికాయి. నల్ల ఆకుల రకం ఒకటుంటుంది కదా, దాని రెబ్బలు కూడా పెట్టా, అందులో చిగురు ముందు లేత పచ్చగా వచ్చి తరవాత నల్లబడుతుంది, తెలీక మొదట వేరే మొక్క వచ్చిందేమో అనుకున్నా.

కడియపులంక కుర్రోడు

వదినగారు చెప్పింది కరెక్టండి. మేం కూడా రెబ్బలతో, దుంపలు విడదీసీ పెంచుతాం. అందుకే రేటు. మనీ ప్లాంటు కొమ్మ ఫ్రీగా ఇచ్చేసినోడు కూడా దీన్ని ఫ్రీగా ఇవ్వడు.

ఇద్దరుపిల్లుల ఇల్లు

విషం సంగతి ఎవరూ చెప్పలేదు కదా, నేను చెప్తా, మా ఇంట్లో పిల్లులున్నాయి కాబట్టి ఇదంతా అప్పుడే చదివా. ముట్టుకుంటే క్యాన్సర్ అన్నది ఉత్త పుకారు. నిజం ఏంటంటే దీంట్లో కాల్షియం ఆక్సలేట్ అని సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, కంద సరిగ్గా ఉడక్కపోతే గొంతులో గీరుతుంది చూడండి, అదే ఇది. మనీ ప్లాంట్‌లోనూ ఉంటుంది. పాప నమిలితే నోరు మండుతుంది, వాయొచ్చు కూడా, ఏడుస్తుంది, వాంతి కావచ్చు. అప్పుడు నోరు కడిగి డాక్టర్‌కి చూపించాలి. ఆకుని ముట్టుకుంటే ఏమీ కాదు, కోసినప్పుడు వచ్చే రసం తగిలితే కడుక్కోవాలి. అయినా మీ పాప ఆల్రెడీ గోరుతో గిల్లింది అన్నారు కదా, ఆ చేతిని నోట్లో పెట్టుకోకుండా చూడండి. వీలైతే స్టూలు మీద పెట్టండి. మా పెద్ద పిల్లి ఒకసారి కొరికింది, ఆ రోజంతా చొంగ కార్చింది, ఇంక దాని వైపు చూస్తే ఒట్టు.

బాల్కనీలేనితోట (ఆగస్టు 12)

అందరికీ థాంక్స్. ఆదివారం ముహూర్తం పెట్టుకుని తీశా. మట్టి బురదే. ఏడు దుంపలున్నాయి, మూడు మెత్తగా, ఒకటి సగం, మూడు గట్టిగా. మెత్తవి నొక్కితే లోపల్నుంచి పెరుగులా వచ్చింది, ఫొటో పెట్టట్లేదు, అన్నం తినేటప్పుడు చూస్తారేమో అని. వేళ్ళ మధ్య గుండ్రంగా ఒక ప్లాస్టిక్ జాలీ బుట్ట చిక్కుకుని ఉంది, చిన్నప్పుడు అందులో నాటినట్టున్నారు, కత్తిరించి తీసేశా.

ఇంక అసలు మిస్టరీ తేలింది. నేను దుంపలు కడుగుతుంటే మా అత్తయ్యగారు వచ్చి చూసి, అయ్యో రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోస్తున్నా కదమ్మా ఎందుకిలా అయింది అన్నారు. రోజూ! పొద్దున్నే బియ్యం కడిగి ఆ కుడితినీళ్ళు పారబోయడం ఎందుకని దీనికి పోస్తున్నారట, జూన్‌లో ఊరి నుంచి వచ్చినప్పట్నుంచీ. ఊళ్ళో పెరట్లో అరటికీ కరివేపాకుకీ అవే పోస్తారు, అవి ఏపుగా ఉంటాయి, ఆవిడ తప్పు కూడా కాదు. పైగా నేను వారానికోసారే పోస్తున్నానని, కోడలు మొక్కని ఎండగడుతోందని మనసులో అనుకుంటున్నారట. ఆ దోమలూ వాసనా ఎక్కడివో ఇప్పుడర్థమైంది. ఇద్దరం నవ్వుకున్నాం, నేను కొంచెం ఏడుపు నవ్వు నవ్వా.

నాలుగో దుంపకి సగం కోసి దాల్చినచెక్క పొడి అద్దా, పేపర్ మీద ఆరబెట్టా. ఎర్రమట్టి మిక్స్ కలిపి ఆరు అంగుళాల మట్టికుండీలో పెడతా. ఎన్నాళ్ళకి నీళ్ళు పొయ్యాలి?

బోటనీ మాస్టారు

పెట్టాక వారం పది రోజులు చుక్క వద్దు. ఆ తరవాత కూడా రోజులు లెక్కపెట్టకు, కొబ్బరి చీపురుపుల్ల ఒకటి కుండీ అంచున అడుగుదాకా గుచ్చి పెట్టు. తీసినప్పుడు పుల్ల పొడిగా, మట్టి అంటకుండా వస్తే అప్పుడు పొయ్యి, అడుగు చిల్లులోంచి కారేదాకా పొయ్యి, పళ్ళెంలో నిలిచింది పారబోయి. ఎండాకాలం మూడు వారాలకోసారి, చలికాలం నెల దాటినా పర్లేదు. నిజంగా దాహమేస్తే కాడ మీద సన్నగా ముడతలు పడతాయి, అప్పుడు పోసినా తేరుకుంటుంది. దోమలకి వేరే మందక్కర్లేదు, పైమట్టి ఆరితే అవే పోతాయి, మరీ విసిగిస్తే రైతులు కట్టే పసుపు జిగురు అట్ట చిన్నముక్క పెట్టు. ఎరువు కొత్త కాడ కనిపించాకే, నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమానంగా ఉండే పంతొమ్మిది-పంతొమ్మిది-పంతొమ్మిది ఎరువు లీటరుకి ఒక్క గ్రాము, రెండు నెలలకోసారి. అది కూడా వెయ్యకపోయినా మొక్కేం అలగదు.

అత్తగారికి ఒక కరివేపాకు మొక్క కొనిపెట్టమ్మా.

కరీంనగర్ మిద్దె

గది మంచి మాట 😂 బోరు నీళ్ళు అయితె ఆకుల మీద తెల్లగ పేరుకుంటది, తడి బట్టతోని తుడువు, షైనర్ స్ప్రేలు కొట్టకు.

బాల్కనీలేనితోట (ఏప్రిల్ 20)

ఎనిమిది నెలల తరవాత వచ్చా, ఎవరైనా ఉన్నారా? ఆ నాలుగు దుంపల్లో సగం కోసింది సెప్టెంబర్‌లో పోయింది. మిగిలిన మూడూ ఉన్నాయి, మూడు కాడలూ అలాగే ఉన్నాయి. దసరా, సంక్రాంతి, శివరాత్రి అన్నీ అయిపోయాయి, ఏమీ లేదు. నేను చూడ్డం కూడా మానేశా. పోయిన వారం పుల్ల గుచ్చుదామని వంగితే మట్టిలోంచి ఏదో పొడుచుకొచ్చి ఉంది, లేత ఆకుపచ్చ, మొన తేలి, చుట్ట చుట్టిన తమలపాకులా. పక్కన ఇంకోటి. ఇవాళ చూస్తే మూడోది. మొదటిది వారంలో జానెడు లేచింది, రెండేళ్ళు కదలనిది! మా ఆయన్ని పిలిచి చూపిస్తే, ఇప్పుడు నమ్ముతా అన్నాడు. పెరుగు డబ్బాలో పెట్టిన రెబ్బలు అయిదు, నేను లాగి చూడలేదు, ప్రామిస్.

బాల్కనీలో సైకిలు తీసేసి అత్తయ్యగారికి కరివేపాకు పెట్టాం, బియ్యం నీళ్ళన్నీ దానికే, నడుం ఎత్తు అయింది.

ఒక డౌటు. కొత్త కాడలు మూడూ కిటికీ వైపే వంగి పెరుగుతున్నాయి, పాతవాటిలా నిటారుగా లేవు, పైగా బాగా మెత్తగా ఉన్నాయి. మళ్ళీ ఏమన్నా తేడానా?

కడియపులంక కుర్రోడు

తేడా ఏం లేదండి, లేతప్పుడు అలాగే మెత్తగా ఉంటాయి, నెలన్నరలో గట్టిపడతాయి. వెలుతురు వైపు వాలుతున్నాయి, నీళ్ళు పోసినప్పుడల్లా కుండీని పావు వంతు తిప్పుతూ ఉండండి.

ఎడిసన్ వదిన

ఆ పెరుగు డబ్బాని ఆగస్టు దాకా ముట్టుకోకండి, నేను మళ్ళీ అడుగుతా.